ఇల్లు సర్దిపెట్టుకోవడం: ఆస్తి, వారసత్వం, పెద్దల సంరక్షణ గురించి మన్యం కుటుంబాలు తెలుసుకోవలసినవి



మన ఇళ్ళలో ఆస్తి మాట ఎత్తడానికి అందరూ జంకుతారు. తండ్రి బతికుండగా వాటాల సంగతి అడిగితే చావు కోరుకున్నట్టు ఉంటుందని పిల్లల భయం. ఇప్పుడే రాసిపెడితే రేపటినుంచి తనను ఎవరూ పట్టించుకోరని తండ్రి భయం. ఈ మొహమాటం వల్ల చివరికి నష్టపోయేది ఎక్కువగా విధవరాలు, పెళ్ళయిపోయిన ఆడపిల్ల, మంచాన పడిన ముసలితల్లి. సమాధి తోటనుండి ఇంటికి వచ్చిన మూడో రోజే అన్నదమ్ములు మాటలు మానేసిన కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. ఆ గొడవల్లో చాలా వాటికి మూలం దురాశ కంటే తెలియకపోవడమే.

ఈ వారం డొంకరాయి వంటి ఊరిని దృష్టిలో పెట్టుకొని ఈ విషయాలు వివరంగా రాస్తున్నాము. సీలేరు నది మీద ఆనకట్ట, దాని కింద 25 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, చుట్టూ కొండల మీద కొండరెడ్లు, కొండదొరలు, వాల్మీకులు మొదలైన గిరిజన కుటుంబాలు, ప్రాజెక్టు ఉద్యోగాల కోసం మైదానం నుండి వచ్చిన కుటుంబాలు. ఇలాంటి ఊళ్ళో ఆరాధనలో పక్కపక్కనే కూర్చునే ఇద్దరు విశ్వాసులకు భూమి విషయంలో వేరువేరు నియమాలు వర్తిస్తాయి. ఒకరి చేతిలో అటవీ హక్కు పట్టా ఉంటుంది, మరొకరికి పి.ఎఫ్., బీమా, మైదానంలో నాలుగు సెంట్ల ఇంటి స్థలం ఉంటాయి. ఇద్దరూ ఒకే సలహా వింటే ఒకరు తప్పకుండా దెబ్బతింటారు.

మొదట తేలవలసినది: మనకు వర్తించే చట్టం ఏది?

భారతీయ క్రైస్తవులకు వారసత్వ విషయంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. హిందువులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉంది. అయితే ఆ చట్టంలోని సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, అది షెడ్యూల్డ్ తెగలవారికి వర్తించదు. వారి వారసత్వం తెగ ఆచారం ప్రకారం నడుస్తూ వచ్చింది.

గిరిజన కుటుంబం క్రీస్తును నమ్ముకున్నప్పుడు ఇక్కడే చిక్కు వస్తుంది. బాప్తిస్మం వల్ల షెడ్యూల్డ్ తెగ హోదా పోదు, భూమి రక్షణలూ పోవు. కానీ తండ్రి పోయాక ఒక కొడుకు తెగ ఆచారం అంటాడు, కూతురు 1925 చట్టం అంటుంది. మైదానం కుటుంబాల్లో ఇంకో రకం చిక్కు ఉంది. ఆరాధనకు వచ్చేది సంఘానికి, కాగితాల్లో ఉన్నది హిందువు. అలాంటి ఇంట్లోనూ ఏ చట్టం ప్రకారం పంచాలన్న తగాదా రావచ్చు.

ఈ చిక్కులన్నిటికీ చవకైన మందు ఒకటే ఉంది. అది సరిగ్గా రాసిన వీలునామా. వీలునామా ఉంటే ఏ చట్టం ప్రకారం ఎంత వాటా అన్న ప్రశ్న చాలావరకు అవసరం ఉండదు.

వీలునామా లేకుండా పోతే ఎవరికి ఎంత?

1925 చట్టం లెక్క సులభమే. భర్త చనిపోయి భార్య, పిల్లలు ఉంటే భార్యకు మూడోవంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. పెళ్ళయిన కూతురు, పెళ్ళికాని కూతురు అన్న తేడా కూడా లేదు. భార్య ముందు చనిపోతే ఆమె ఆస్తిలో భర్తకు ఇదే లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక తండ్రికి తొమ్మిది ఎకరాలు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు మూడు ఎకరాలు వస్తాయి. మిగిలిన ఆరు ఎకరాల్లో ముగ్గురు పిల్లలకూ తలా రెండు. పెద్దకొడుకు తండ్రికంటే ముందే చనిపోయి, అతనికి ఇద్దరు పిల్లలు ఉంటే, అతనికి రావలసిన రెండు ఎకరాలను ఆ మనవలు చెరొక ఎకరంగా తీసుకుంటారు.

పిల్లలు లేకపోతే భార్యకు సగం. మిగతా సగం చనిపోయినవారి తండ్రి బతికి ఉంటే ఆయనకు. తండ్రి లేకపోతే తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సమానంగా పంచుకుంటారు. రక్తసంబంధీకులు ఎవరూ లేకపోతే మొత్తం భార్యదే.

ఇందులో మన కుటుంబాలు గమనించని సంగతులు నాలుగు ఉన్నాయి.

మొదటిది, కొడుకు చనిపోయి అతనికి పిల్లలు ఉంటే, అతని ముసలి తల్లిదండ్రులకు వారసత్వంగా ఏమీ రాదు. కొడుకు సంపాదన మీదనే బతికే తల్లి ఉన్న ఇంట్లో ఇది పెద్ద దెబ్బ. ఆ కొడుకు వీలునామాలో తల్లికి కొంత రాసి ఉంటేనే ఆమెకు అండ.

రెండవది, చట్టప్రకారం దత్తత తీసుకోని పెంపుడు బిడ్డకు వారసత్వం రాదు. మన సంఘాల్లో అనాథ పిల్లలను సొంత బిడ్డల్లా పెంచినవారు ఉన్నారు. ప్రేమకు కాగితం అక్కరలేకపోవచ్చు, వాటాకు కావాలి. అలాంటి బిడ్డకు వీలునామా రాయాలి, లేదా చట్టబద్ధమైన దత్తత పూర్తి చేయాలి.

మూడవది, ఈ చట్టంలో తండ్రి ఆస్తి మీద పిల్లలకు పుట్టుకతో హక్కు లేదు. తాత ఆస్తి కాబట్టి నా వాటా ఇప్పుడే ఇమ్మని తండ్రి మెడ మీద కూర్చోవడానికి వీలు లేదు. తండ్రి తన ఆస్తి మొత్తాన్ని వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యత కూడా అంతే ఉండాలి.

నాల్గవది, వాటా అడగాలంటే భార్య తాను భార్యనని నిరూపించుకోవాలి. సంఘంలో జరిగిన వివాహం వివరాలు రిజిస్టరులో ఉన్నాయో లేదో, ధ్రువపత్రం ఇంట్లో ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

ఆడపిల్ల వాటా

కేరళలో తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ కూతుళ్ళకు ఒకప్పుడు 1916 నాటి సంస్థానపు చట్టం ప్రకారం చాలా తక్కువ వాటా వచ్చేది. మేరీ రాయ్ అనే ఉపాధ్యాయురాలు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 1986 ఫిబ్రవరిలో కోర్టు అక్కడ కూడా 1925 చట్టమే వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. కూతుళ్ళకు సమాన వాటా అన్నది అప్పటినుండి తిరుగులేని మాట.

గిరిజన స్త్రీల విషయంలో సుప్రీం కోర్టు 2025 జూలై 17న మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు కుటుంబం కేసు అది. ఆడవారికి వాటా లేదనే ఆచారం ఉందని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలనీ, రుజువు లేనప్పుడు స్త్రీకీ ఆమె వారసులకూ సమాన వాటా ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. "మా తెగలో ఆడపిల్లకు ఇవ్వరు" అని పెద్దమనుషులు నోటితో అన్నంత మాత్రాన ఇక సరిపోదు.

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలబడి తండ్రి భాగం అడిగిన సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో మనం చదువుకున్నదే. అడిగినందుకు వారిని ఎవరూ తప్పుపట్టలేదు. మన సంఘాల్లో వాటా అడిగిన ఆడపడుచును గయ్యాళి అనడం మానుకోవాలి. పుట్టింటితో సంబంధం చెడుతుందని ఆమె వదులుకుంటే అది ఆమె ఇష్టం. వదులుకోమని పదిమందిలో కూర్చోబెట్టి వేలిముద్ర వేయించడం అన్యాయం.

కొండ భూమికి వేరే నియమాలు

ఏజెన్సీలో భూమి బదిలీకి 1959 నాటి 1వ రెగ్యులేషన్, దానిని బిగించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ ఉన్నాయి. మనం 1/70 చట్టం అని పిలిచేది దీన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనుడు గానీ గిరిజనేతరుడు గానీ ఎవరు అమ్మినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా, దానంగా ఇచ్చినా, తీసుకునేవారు గిరిజనులు లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘం అయి ఉండాలి. కాకపోతే ఆ బదిలీ చెల్లదు. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుండి వచ్చినదేనని చట్టం మొదట అనుకుంటుంది. కాదని చూపించవలసిన భారం పట్టుకున్నవారిదే.

అందుకని మైదానపు అల్లుడికి ఏజెన్సీ భూమిని దానపత్రం రాసి ఇస్తే ఆ కాగితం నిలబడదు. ఆ చట్టం బదిలీకి ఇచ్చిన నిర్వచనంలో వీలునామా లేదు. అలాగని చట్టాన్ని తప్పించుకోవడానికి వీలునామాను దొడ్డిదారిగా వాడితే కుటుంబం ఏళ్ళ తరబడి కేసుల్లో పడుతుంది. గిరిజనేతర జీవిత భాగస్వామి ఉన్న ఇళ్ళు తప్పకుండా ముందే న్యాయ సలహా తీసుకోవాలి.

అటవీ హక్కుల పట్టా సంగతి వేరు. 2006 చట్టం కింద వచ్చిన ఈ హక్కును అమ్మకూడదు, ఎవరికీ బదిలీ చేయకూడదు. వారసత్వంగా మాత్రం వస్తుంది. పెళ్ళయినవారి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టమే చెబుతోంది. నేరుగా వారసులు లేకపోతే దగ్గరి బంధువుకు వెళుతుంది. మీ ఇంటి పట్టా తీసి చూడండి. భార్య పేరు లేకపోతే ఇద్దరూ బతికి ఉండగానే సరిచేయమని గ్రామసభ ద్వారా, ఐ.టి.డి.ఏ. ద్వారా అర్జీ పెట్టండి. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములు కూడా వారసులకు వచ్చేవే. వాటి అమ్మకాల మీద 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆంక్షలు పెట్టింది.

1969లో ముఠాదారీ పద్ధతి రద్దయ్యాక సాగుదారులకు రైత్వారీ పట్టాలు ఇచ్చారు. అలా తాత పేరున వచ్చిన పట్టా తండ్రి పేరుకు మారకుండా, తండ్రి పోయాక మనవల చేతికి వచ్చే ఇళ్ళు ఉన్నాయి. రెండు తరాల మరణ ధ్రువపత్రాలు వెతకవలసి వస్తుంది. వారసత్వంగా హక్కు వస్తే 90 రోజుల్లోగా తహసీల్దారుకు తెలియజేయాలని 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతోంది. ఆ గడువు దాటిందని ఊరుకోవద్దు. ఆలస్యంగానైనా మార్పించుకోవడమే మేలు.

జెన్‌కో క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే. పదవీ విరమణ దగ్గరపడిన కుటుంబాలు ఎక్కడ నివసించాలో అయిదారేళ్ళ ముందే నిర్ణయించుకోవాలి. ఏజెన్సీలో గిరిజనేతరులు ఇంటి స్థలం కొని కట్టుకుందామనుకుంటే 1/70 అడ్డు వస్తుంది. పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారన్న కారణం చెల్లదు.

వీలునామా రాయడం ఎలా?

మతి స్థిమితం ఉన్న, మైనరు కాని ఎవరైనా వీలునామా రాయవచ్చు. స్టాంపు కాగితం అక్కరలేదు. తెల్లకాగితం మీద, తెలుగులో, చేతితో రాసినా చెల్లుతుంది. అయితే ఈ కింది విషయాలు తప్పకూడదు.

- రాసేవారు సంతకం చేయాలి. చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చు. ముందు మొత్తం చదివి వినిపించి, విని ఒప్పుకున్నారని కాగితంలో రాయాలి.
- కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినవారు సంతకం చేయడం చూసి, లేదా ఇది నా సంతకమేనని వారి నోట విని, వారి ఎదుటే సాక్షి సంతకం చేయాలి.
- వీలునామాలో ఆస్తి పొందేవారు గానీ, వారి భార్య లేదా భర్త గానీ సాక్షిగా ఉండకూడదు. ఉంటే వీలునామా చెల్లుతుంది, ఆ వ్యక్తికి రాసిన భాగం మాత్రం పోతుంది. ఇది హిందువుల వీలునామాలకు లేని నియమం, మనకు ఉంది. పక్కింటి హిందువు వీలునామా చూసి రాసుకునేవారు ఇక్కడే మోసపోతారు.
- వీలునామా రాసిన తరువాత పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా రద్దవుతుంది. భార్య పోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్నవారు కొత్తది రాయాలి.
- కొట్టివేతలు, దిద్దుబాట్లు చేస్తే వాటికీ సంతకాలు, సాక్షులు కావాలి. దిద్దడం కంటే తిరగరాయడం మంచిది. తేదీ వేయండి. చివరిగా రాసినదే చెల్లుతుంది.
- ఆస్తిని గుర్తుపట్టేలా రాయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, పాసుపుస్తకం నంబరు, బ్యాంకు ఖాతా. "కొండ కింద చేను" అని రాస్తే సరిపోదు.
- వీలునామాను అమలు చేసే నమ్మకమైన వ్యక్తిని పేరుతో నియమించండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే మా సలహా. తరువాత అది దొంగదన్న మాట రాకుండా కొంత కాపు ఉంటుంది. మంచం దిగలేని వారి కోసం తగిన కారణం చూపి సబ్ రిజిస్ట్రారును ఇంటికే రమ్మని కోరవచ్చు. భారతీయ క్రైస్తవుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి అన్న నిబంధనను 2002లో తీసేశారు. ప్రొబేటు ఖర్చుకు భయపడి వీలునామా మానుకోనక్కరలేదు.

సంఘానికి ఇవ్వాలనుకుంటే

ప్రభువు పనికి కొంత రాయాలని చాలామంది పెద్దలకు కోరిక. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యాలకు రాయాలంటే చనిపోవడానికి కనీసం 12 నెలల ముందే వీలునామా రాయాలన్న సెక్షన్ 118 ఒకప్పుడు ఉండేది. జాన్ వల్లమట్టం కేసులో 2003 జూలైలో సుప్రీం కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఇప్పుడు ఆ అడ్డంకి లేదు.

కానీ రెండు హెచ్చరికలు. మొదటిది, షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని గిరిజనేతర సేవకుని పేర గానీ, మిషను సొసైటీ పేర గానీ దానపత్రం రాస్తే అది చెల్లదు. మందిరం కట్టాక ఆ సంగతి బయటపడితే సంఘానికీ, ఇచ్చిన కుటుంబానికీ ఇబ్బందే. రొక్కంగానో, పంటలో భాగంగానో ఇవ్వడానికి ఇలాంటి చిక్కు లేదు.

రెండవది, మంచాన ఉన్న పెద్ద దగ్గర కూర్చొని వీలునామా రాయించే పని సంఘ కాపరి పెట్టుకోకూడదు. మోసంతో గానీ, బలవంతంతో గానీ, కాదనలేనంత ఒత్తిడితో గానీ రాయించిన వీలునామా చెల్లదని చట్టం. కాపరికి గానీ ఆయన భార్యకు గానీ ఏదైనా రాస్తే ఆయన సాక్షి సంతకం చేయకూడదు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని కొర్బాను అని దేవుని పేర పక్కన పెట్టినవారిని యేసు ప్రభువు ఎంత గట్టిగా గద్దించారో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. ఇంట్లో విధవరాలికి గూడు లేకుండా చేసి ఇచ్చే కానుకను సంఘం మర్యాదగా తిరిగి ఇచ్చేయడమే సాక్ష్యం.

నామినీ వేరు, వారసుడు వేరు

బ్యాంకులో నామినీగా తమ్ముడి పేరు ఉంటే డబ్బు తమ్ముడిదే అనుకుంటారు. బ్యాంకు ఆ డబ్బు నామినీ చేతికి ఇస్తుంది. వారసుల తరఫున దాన్ని తీసుకొని వారికి అప్పగించడం అతని బాధ్యత. జీవిత బీమాలో 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారికే చెందుతుంది. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చు.

పెళ్ళికి ముందు పి.ఎఫ్.లో ఇచ్చిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది. మళ్ళీ ఇవ్వాలి. ప్రాజెక్టులో, ఆశ్రమ పాఠశాలల్లో, కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే యువకులు ఈ ఒక్క పని ఈ నెలలోనే పూర్తి చేసుకోవాలి. నామినీ పేరు, వీలునామాలోని పేరు ఒకటే అయితే ఇంట్లో తగవు ఉండదు.

బతికుండగా రాసి ఇచ్చేముందు

వీలునామాను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రిజిస్టరు చేసిన దానపత్రాన్ని ఇచ్చినవారు తమంతట తాము వెనక్కి తీసుకోలేరు. ఈ తేడా తెలియక, కొడుకు అడిగాడని ఉన్నదంతా రాసిచ్చి, ఆ తరువాత వరండాలో మంచం వేయించుకున్న తల్లిదండ్రులు ఉన్నారు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో సెక్షన్ 23 ఇందుకే పెట్టారు. తనను చూసుకోవాలి, కనీస అవసరాలు తీర్చాలి అన్న షరతుతో వయోవృద్ధులు ఆస్తి ఇచ్చి, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. అలాంటి షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీం కోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, షరతు తప్పిన కొడుకుకు తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేస్తూ, ఈ చట్టాన్ని పెద్దలకు మేలు కలిగేలా చదవాలని చెప్పింది. కాబట్టి రాసి ఇవ్వక తప్పదనుకుంటే ఆ షరతును దానపత్రంలోనే స్పష్టంగా రాయించండి. తాము బతికినంతకాలం ఇంట్లో నివసించే హక్కు, పంట అనుభవించే హక్కు కూడా రాయించుకోండి.

పెద్దలను చూడకపోతే

అదే 2007 చట్టం కింద తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుండి, పెద్దవారైన మనవల నుండి పోషణ కోరవచ్చు. తల్లిదండ్రులకు వయసు నియమం లేదు. పిల్లలు లేని 60 ఏళ్ళు దాటినవారు తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువును అడగవచ్చు. ట్రిబ్యునల్‌కు సబ్ కలెక్టరు లేదా ఆర్.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. తెల్లకాగితం మీద అర్జీ చాలు. వెళ్ళలేనివారి తరఫున వారు అనుమతించిన వ్యక్తి లేదా సంస్థ ఇవ్వవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే ఇంకొక 30 రోజులు. నెలకు రూ. 10,000 వరకు ఇప్పించవచ్చు. పెద్దలను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ.

మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000 వస్తోంది. అందరికీ 60 ఏళ్ళు నిండాలి, గిరిజనులకు 50 ఏళ్ళు చాలు. పింఛను వస్తోంది కదా అని పిల్లల బాధ్యత తీరిపోదు. ఆ పింఛను మనవడి సెల్‌ఫోను రీఛార్జికి పోతుంటే ఇంట్లోవారు కాకపోతే సంఘ పెద్దలైనా అడగాలి.

వయోవృద్ధుల సహాయానికి 14567, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, వికలాంగులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. డొంకరాయి నుండి రంపచోడవరం వెళ్ళి రావడం ముసలివారికి పెద్ద ప్రయాసే. ముందు ఫోన్ చేసి, కావలసిన కాగితాలేవో తెలుసుకొని బయలుదేరితే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

మతిమరుపు, మంచాన పడటం

పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేస్తే అన్నీ కొడుకు చూసుకుంటాడన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఇచ్చినవారు చనిపోతే అది ముగిసిపోతుంది. మతి స్థిమితం తప్పినా ముగిసిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజున అది పనికిరాదు. కాబట్టి జ్ఞాపకం బాగున్నప్పుడే బ్యాంకు ఖాతాను భార్యాభర్తల ఉమ్మడి ఖాతాగా మార్చుకోవడం, వీలునామా రాయడం ముగించుకోవాలి. పక్షవాతం వచ్చాక రాయించిన వీలునామాను కోర్టులో సవాలు చేయడం తేలిక. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంటే, మతి స్థిమితం ఉందని ఆ రోజున డాక్టరు రాసిన ధ్రువపత్రం జతచేయడం మంచిది.

బతికే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచవద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీం కోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. రాసినా రాయకపోయినా, మీ ఇష్టమేమిటో పిల్లలకు నోటితో చెప్పి ఉంచండి. ఆసుపత్రి వరండాలో ఆ నిర్ణయం తీసుకునే భారం వారికి తగ్గుతుంది.

ఇంట్లో మరణం జరిగాక

దుఃఖంలో ఉన్నా ఈ పనులు వరుసగా చేయాలి.

1. 21 రోజుల్లో మరణాన్ని పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో అవుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కొండమీద ఇంట్లోనే పోయినవారి మరణాన్ని తప్పకుండా నమోదు చేయించండి. సంఘంలోని సమాధి రిజిస్టరు దీనికి బదులు కాదు.
2. సచివాలయంలో దరఖాస్తు చేసి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. ఆడపిల్లల పేర్లు అందులో ఉన్నాయో లేదో చదివి చూడాలి.
3. వీలునామా ఉంటే అందరి ఎదుట తెరిచి చదవాలి. అసలు కాగితం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలియాలి.
4. బ్యాంకు, బీమా, పి.ఎఫ్. కార్యాలయాలకు తెలియజేయాలి. నామినీ లేని పెద్ద మొత్తాలకు కోర్టు నుండి వారసత్వ ధ్రువపత్రం అవసరం పడవచ్చు.
5. భూమి పేరు మార్పుకు అర్జీ ఇచ్చి, కొన్నాళ్ళకు 1బి, అడంగల్ తీయించి చూసుకోవాలి.

సంఘం చేయగలిగినది

ఏడాదికి ఒక ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట దీనికి కేటాయించమని కాపరులకు మా మనవి. మండల న్యాయ సేవల కమిటీని అడిగితే న్యాయ అవగాహన సదస్సు పెట్టడానికి వారు వస్తారు. చదువుకున్న యువజనులు ఇద్దరేసి జట్టుగా వెళ్ళి ప్రతి వృద్ధుని ఇంట్లో కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో సర్ది, పైన జాబితా రాసిపెట్టవచ్చు. ఆధార్, పాసుపుస్తకం, అటవీ హక్కు పట్టా, వివాహ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, బీమా కాగితం, పింఛను వివరాలు. వానకాలంలో పెంకుటింట్లో చెద పట్టి, తడిసి పోయే ఈ కాగితాలే రేపు ఒక విధవరాలి అన్నం.

ఇక కుటుంబ పెద్దలకు ఒక మాట. ఈ వ్యాసం ప్రాథమిక సమాచారం మాత్రమే. మీ భూమి కాగితాలు చూసి న్యాయవాది ఇచ్చే సలహాకు ఇది బదులు కాదు. అయినా ఆ సలహా కోసం వెళ్ళేముందు చేయగలిగిన పని ఒకటి మీ చేతిలోనే ఉంది. ఈ వారం ఒక రాత్రి భోజనం అయ్యాక పిల్లలందరినీ, కూతుళ్ళనూ అల్లుళ్ళనూ కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఉన్నదేమిటో, అప్పులేమిటో, మీ తరువాత అమ్మ ఎక్కడ ఉండాలో మీ నోటితో చెప్పండి. మీరు బతికుండగా చెప్పిన మాటకు పిల్లలు ఎదురు ప్రశ్న వేయవచ్చు, మీరు జవాబు చెప్పవచ్చు. ఆ తరువాత కాగితం మీద పెట్టడం సులభం.